ఊరు మారే ముందు

అనంతపురం జిల్లాలో కళ్యాణదుర్గం దగ్గర ఒక పల్లె. ఆ పల్లెలో రత్నమ్మ, ఓబులేసు కాపురం ఉంటున్నారు. వాళ్ళకు మూడు ఎకరాల మెట్ట చేను ఉంది. వాన పడితే శెనక్కాయ పండుతుంది. పడకపోతే విత్తనాల ఖర్చు కూడా రాదు.

ఇంట్లో ఐదుగురు ఉన్నారు. ఓబులేసు తల్లి నరసమ్మ పెద్దది. చిన్నకూతురు సుజాత ఏడో తరగతి చదువుతోంది. కొడుకు రమేశు రెండో తరగతి. పెద్దకూతురు గంగమ్మకు పెళ్ళయింది. అత్తగారింట్లో ఉంది.

ఆ ఏడు వాన సరిగా పడలేదు. శెనక్కాయ ఎండిపోయింది. విత్తనాలకు తెచ్చిన 40 వేల అప్పు అట్లే నిలిచిపోయింది.

ఒక రోజు సాయంత్రం తిప్పేస్వామి మేస్త్రి ఇంటికి వచ్చాడు.

"ఓబులేసూ, గంగావతిలో బియ్యం మిల్లు పని ఉంది. నీకు రోజుకు 600. రత్నమ్మకు 400. అంటే నెలకు 30 వేలు! కావాలంటే 50 వేలు అడ్వాన్సు ఇప్పుడే ఇస్తా. ఎల్లుండి లారీ వస్తాది. సామాన్లు ఎక్కించుకొని పోయేదే" అన్నాడు.

ఓబులేసు ముఖం వెలిగింది. అప్పు తీరుతుంది అనుకున్నాడు. భార్య వైపు చూశాడు.

"తిప్పేస్వామన్నా, ఇప్పుడే చెప్పలేం. ఆలోచన చేసుకొని చెప్తాం" అంది రత్నమ్మ.

"ఇందులో ఆలోచన ఏముందమ్మా? మీరు రాకుంటే ఇంగొకరు వస్తారు."

"వస్తే రానీన్నా. మేం మాత్రం చూసుకొనే వస్తాం."

మేస్త్రి లేచి వెళ్ళిపోయాడు. ఓబులేసుకు కోపం వచ్చింది.

"ఇంటికి వచ్చిన పనిని పోగొడతావా?" అన్నాడు.

"పోవద్దు అనడం లేదు. గంగమ్మ సంగతి మర్చిపోయినావా?" అంది రత్నమ్మ.

ఓబులేసు ఇంకేమీ మాట్లాడలేదు.

గంగమ్మ సంగతి

తొమ్మిదేళ్ళ కిందట వాళ్ళు బెంగళూరుకు పోయారు. ఇళ్ళు కట్టే పని. ఒక మేస్త్రి దగ్గర 20 వేలు అడ్వాన్సు తీసుకున్నారు. ఏ రోజు కూలి ఆ రోజు ఇవ్వలేదు. అంతా అడ్వాన్సులో పోతుంది అన్నాడు. తిండికి మాత్రం వారానికి కొంత ఇచ్చేవాడు.

గంగమ్మ అప్పుడే ఐదో తరగతి ముగించింది. జూన్‌లో ఆరో తరగతిలో చేర్చాలి. ఊరికి పోతామని అడిగారు. అడ్వాన్సు ఇంకా తీరలేదు, పోనివ్వను అన్నాడు మేస్త్రి. లెక్క ఆయన పుస్తకంలో ఉంది. అందులో ఏం రాసి ఉందో వీళ్ళకు తెలియదు. అప్పుడు ఇద్దరికీ చదువు రాదు.

దసరాకు గానీ ఊరు చేరలేదు. అప్పటికి బడి తెరిచి నాలుగు నెలలయింది. గంగమ్మ సిగ్గుపడి బడికి పోలేదు. ఆ తరువాత ఎప్పుడూ పోలేదు.

ఆ లెక్క పుస్తకం రత్నమ్మ మనసులో ఉండిపోయింది. అందుకే ఊళ్ళో రాత్రి బడి పెట్టగానే ముందుగా పేరు ఇచ్చింది. ఇప్పుడు చదవగలదు. రాయగలదు. కూడికలు, తీసివేతలు చేయగలదు.

నోటుబుక్కులో ప్రశ్నలు

ఆ రాత్రి రత్నమ్మ సుజాత పాత నోటుబుక్కు తీసింది. ఖాళీ పేజీలో ఒక్కొక్కటే రాసింది. ఓబులేసు చెబుతుంటే కొన్ని, నరసమ్మ అడిగితే కొన్ని రాసింది.

1. నెలలో ఎన్ని రోజులు పని ఉంటుంది? ఏడాది పొడుగునా ఉంటుందా?
2. కూలి ఎవరు ఇస్తారు? ఎప్పుడు ఇస్తారు?
3. ఇల్లు ఎక్కడ? బాడుగ ఎంత? నీళ్ళు, మరుగుదొడ్డి ఉన్నాయా?
4. పిల్లల చదువు ఎట్ల?
5. అవ్వను ఎవరు చూసుకుంటారు?
6. రేషన్ అక్కడ ఇస్తారా?
7. జబ్బు చేస్తే, దెబ్బ తగిలితే ఎట్ల?
8. కుదరకపోతే తిరిగి వచ్చేది ఎట్ల?

ఎనిమిదో ప్రశ్న నరసమ్మ అడిగింది. "పోయేదానికి అందరూ దారి చూపిస్తారు. వచ్చేదానికి ఎవరూ చూపించరు" అంది ఆమె.

రత్నమ్మ ఆ ప్రశ్న కింద గీత గీసింది.

గంగావతి ఎక్కడ ఉంది?

గంగావతి కర్ణాటకలో ఉంది. కొప్పళ జిల్లాలో ఒక తాలూకా పట్టణం. 1997 వరకు ఆ ప్రాంతం రాయచూరు జిల్లాలో ఉండేది.

హొసపేట దగ్గర తుంగభద్ర నది మీద పెద్ద డ్యాము ఉంది. 1953లో దాన్ని పూర్తి చేశారు. ఆ డ్యాము ఎడమ కాలువ గంగావతి, సింధనూరు, రాయచూరు వైపు పోతుంది. కాలువ నీళ్ళతో వరి పండుతుంది. వరి ఉన్న చోట మిల్లులు వచ్చాయి. గంగావతి సోనా మసూరి బియ్యానికి పేరు పడింది.

కాలువ వచ్చిన తరువాత కోస్తా జిల్లాల నుంచి చాలామంది తెలుగు రైతులు అక్కడికి వెళ్ళారు. భూములు కొని వరి పెట్టారు. వాళ్ళు ఉండే ఊళ్ళను 'క్యాంపులు' అంటారు. అందుకే అక్కడ తెలుగు మాట వినిపిస్తుంది.

కానీ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. అక్కడి పని అంతా డ్యాము నీటి మీద ఆధారపడి ఉంది. 2024 ఆగస్టు 10 రాత్రి డ్యాము 19వ గేటు గొలుసు తెగింది. గేటు కొట్టుకుపోయింది. నీళ్ళు వృథాగా నదిలోకి పోయాయి. సుమారు వారం రోజులకు ఆ చోట అడ్డు పలకలు పెట్టి నీటిని ఆపారు. ఆ వారం రోజులూ కాలువ కింది రైతులు, కూలీలు భయంతో గడిపారు. నీళ్ళు లేకపోతే వరి లేదు. వరి లేకపోతే మిల్లు పని లేదు.

చేను ఎండితే పల్లెలో పని పోతుంది. కాలువ ఎండితే గంగావతిలోనూ పని పోతుంది. కాబట్టి పని ఎన్నాళ్ళు ఉంటుందో ముందే అడగాలి.

చూసి వద్దాం

ఓబులేసుకు పిన్నమ్మ కూతురు లక్ష్మి ఉంది. ఆమె గంగావతిలోనే కాపురం ఉంటోంది. రత్నమ్మ ఆమెకు ఫోను చేసింది.

"రండి వదినా. రెండు రోజులు మా ఇంట్లో ఉండి అన్నీ చూసుకొని పోండి" అంది లక్ష్మి.

భార్యాభర్తలు ఇద్దరూ బయలుదేరారు. రాయదుర్గం, బళ్ళారి, కంప్లి మీదుగా ప్రయాణం. రాయదుర్గం దాకా రత్నమ్మకు టికెట్టు లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు బస్సు ఉచితం. పక్క రాష్ట్రానికి పోయే బస్సులో మాత్రం టికెట్టు కొనాలి. కర్ణాటకలో కూడా 2023 జూన్ నుంచి ఆడవాళ్ళకు ఉచిత బస్సు ఉంది. కానీ అది ఆ రాష్ట్రం ఆడవాళ్ళకే. అందువల్ల బస్సు ఖర్చు కూడా రత్నమ్మ నోటుబుక్కులో రాసుకుంది.

బళ్ళారిలో దిగగానే రత్నమ్మకు దిగులు వేసింది. బోర్డులన్నీ కన్నడంలో ఉన్నాయి. నేర్చుకున్న చదువు ఇక్కడ పనికి రాదేమో అనుకుంది. కాసేపు నిలబడి ఒక బస్సు బోర్డు వంక చూసింది. మొదటి అక్షరం 'గ' లాగే ఉంది. పక్కన సున్నా ఉంది. రెండోదీ 'గా' లాగే ఉంది.

"గం... గా... ఇదే మన బస్సు!" అంది.

కండక్టరును అడిగితే అవునన్నాడు.

తెలుగు, కన్నడ అక్షరాలు అక్కాచెల్లెళ్ళ వంటివి. ఒకప్పుడు రెండు భాషలకూ ఒకే లిపి ఉండేది. అందుకే గ, ద, న, బ, ర, ల వంటి అక్షరాలు దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. తెలుగు తలకట్టు టిక్కు పెట్టినట్టు ఉంటుంది. కన్నడ తలకట్టు అడ్డగీత లాగా ఉంటుంది. క, త, శ వంటివి కొంచెం వేరుగా ఉంటాయి. వాటిని కొత్తగా నేర్చుకోవాలి.

మాటలు కూడా చాలా దగ్గర. లక్ష్మి చెబుతుంటే రత్నమ్మ రాసుకుంది.

అక్కి - బియ్యం
నీరు - నీళ్ళు
హాలు - పాలు
మనె - ఇల్లు
బాడిగె - బాడుగ
కూలి - కూలి
అంగడి - అంగడి
శాలె - బడి
ఆస్పత్రె - ఆస్పత్రి
ఎష్టు? - ఎంత?
ఎల్లి? - ఎక్కడ?
బేకు - కావాలి
బేడ - వద్దు

"బేడ అనే మాట బాగా నేర్చుకో వదినా. అది చెప్పలేకనే చాలామంది మోసపోతారు" అంది లక్ష్మి నవ్వుతూ.

మిల్లు దగ్గర

మరుసటి రోజు లక్ష్మి వాళ్ళను మిల్లు దగ్గరికి తీసుకుపోయింది. కల్లంలో వడ్లు ఆరబోసి ఉన్నాయి. ఆడవాళ్ళు వాటిని కాళ్ళతో తిరగేస్తున్నారు. మగవాళ్ళు బస్తాలు మోస్తున్నారు. గాలిలో ఊక దుమ్ము ఎగురుతోంది.

రత్నమ్మ ఆడవాళ్ళ పక్కన కూర్చొని నోటుబుక్కు తెరిచింది.

"పని ఎన్ని రోజులుంటాదక్కా?" అని అడిగింది.

"కోతలప్పుడు నెలకు 25 రోజులు ఉంటాది. అట్లా ఏడాదిలో ఆరు నెలలు. మిగతా ఆరు నెలలు 12 రోజులు దొరికితే గొప్ప" అంది ఒకామె.

"కూలి మేస్త్రి ఇస్తాడా?"

"మేస్త్రితో వచ్చినోళ్ళకు మేస్త్రే ఇస్తాడు. ఆయన కొంత పట్టుకుంటాడు. మేం నేరుగా వచ్చినాం. మాకు గుమాస్తా ఇస్తాడు. ప్రతి శనివారం."

"మిల్లులో షెడ్డు ఇస్తామన్నారు. ఉండొచ్చా?"

"ఉండొచ్చు. బాడుగ లేదు. కానీ రాత్రి లారీ వస్తే లేపుతారు. తలుపుకు గొళ్ళెం సరిగా లేదు. ఆడపిల్లలున్నోళ్ళు ఉండరు."

రత్నమ్మ అన్నీ రాసుకుంది. దుమ్ముకు దగ్గు వస్తుందని, ముక్కుకు గుడ్డ కట్టుకోవాలని కూడా వాళ్ళే చెప్పారు.

ఓబులేసు గుమాస్తాతో మాట్లాడాడు. మేస్త్రి లేకుండా నేరుగా రావచ్చునని గుమాస్తా అన్నాడు. రత్నమ్మ ముందుకు వచ్చింది.

"ఒకే పనికి ఆడోళ్ళకు తక్కువ ఎందుకన్నా?" అని అడిగింది.

"మగోళ్ళు బస్తాలు మోస్తారు. మీరు వడ్లు తిరగేస్తారు. పని వేరు కదమ్మా" అన్నాడు గుమాస్తా.

"సరే. నేను బస్తాలు కుట్టే పని చేస్తే? ఆ పని మగోళ్ళు కూడా చేస్తాండారు కదా?"

గుమాస్తా కాసేపు ఆలోచించాడు. "ఆ పని చేసిన రోజు వాళ్ళకు ఇచ్చేదే ఇస్తాం" అన్నాడు.

ఒకే పని చేస్తే ఆడ, మగ తేడా లేకుండా ఒకే కూలి ఇవ్వాలి. మన దేశంలో చట్టం 1976 నుంచీ ఈ మాట చెబుతోంది. అడగకపోతే అది చాలాచోట్ల కాగితం మీదే ఉండిపోతుంది.

అసలు లెక్క

ఇంటికి వచ్చాక రత్నమ్మ లెక్క వేసింది. సుజాత పక్కన కూర్చుంది.

ఇద్దరి కూలి రోజుకు 1,000 రూపాయలు.
ఆరు నెలలు, నెలకు 25 రోజులు = 150 రోజులు.
ఆరు నెలలు, నెలకు 12 రోజులు = 72 రోజులు.
మొత్తం ఏడాదికి 222 రోజులు.
ఏడాది కూలి 2,22,000 రూపాయలు.
దాన్ని 12 నెలలకు పంచితే నెలకు 18,500 రూపాయలు.

"మేస్త్రి 30 వేలు అన్నాడే!" అన్నాడు ఓబులేసు.

"ఆయన నెలకు 30 రోజులూ పని ఉంటాదని లెక్క చెప్పినాడు" అంది సుజాత.

తరువాత ఖర్చు రాశారు.

ఇంటి బాడుగ 3,500
కరెంటు, నీళ్ళు 500
తిండి, గ్యాసు 6,500
పిల్లల ఖర్చు 1,000
ఊరికి పంపేది 1,500
ఫోను 400
మందులు 600
సంఘం అప్పు కంతు 2,000
మొత్తం 16,000 రూపాయలు.

18,500లో 16,000 తీసేస్తే నెలకు 2,500 మిగులుతుంది. అంటే ఏడాదికి 30 వేలు.

నెలకు 30 వేలు అన్నాడు మేస్త్రి. ఏడాదికి 30 వేలు అని తేలింది.

"అయితే పోవడం దండగ" అన్నాడు ఓబులేసు దిగాలుగా.

"ఇక్కడి లెక్క కూడా వేద్దాం" అంది రత్నమ్మ.

పల్లెలో ఇద్దరూ కూలికి పోతే సగటున నెలకు 11 వేలు వస్తోంది. ఖర్చు 12 వేలు అవుతోంది. నెలకు వెయ్యి అప్పు పెరుగుతోంది. అక్కడికి పోతే నెలకు 2,500 మిగులుతుంది. పోవడమే మేలు. కానీ ఒక్క ఏడాదిలో 40 వేల అప్పు తీరదు. వడ్డీతో కలిపి ఏడాదిన్నర పైనే పడుతుంది. అది తెలిసి పోవాలి.

ఈ లెక్క రత్నమ్మ ఇంటిది. మరొక ఇంటి లెక్క వేరుగా ఉంటుంది. ఎవరి లెక్క వాళ్ళు వేసుకోవాలి.

అడ్వాన్సు తీసుకోవాలా?

ఇల్లు మారడానికి చేతిలో డబ్బు కావాలి. ఇంటి అడ్వాన్సు 15,000. బస్సు, సామాన్ల ఖర్చు 4,000. మొదటి నెల తిండికి 6,500. మొత్తం 25,500 రూపాయలు.

మేస్త్రి ఇచ్చే 50 వేలు తీసుకుంటే సులువుగా అయిపోతుంది. ఓబులేసు మనసు మళ్ళీ అటు లాగింది.

రత్నమ్మ ఈ సంగతి సంఘంలో పెట్టింది. సంఘం లీడరు ఈశ్వరమ్మ ఇలా చెప్పింది.

"అడ్వాన్సు ఇచ్చి, అది తీరేదాకా కదలకూడదని మనిషిని కట్టిపడేస్తే దాన్ని వెట్టిచాకిరీ అంటారు. 1976లో దాన్ని రద్దు చేస్తూ చట్టం వచ్చింది. అట్లాంటి అప్పు చెల్లదు. ఎవరైనా అట్లా ఆపితే కలెక్టరుకు, ఆర్డీవోకు, తహసీల్దారుకు చెప్పుకోవచ్చు. 112కు ఫోను చేస్తే పోలీసులు వస్తారు. కానీ దూరదేశంలో చిక్కుకున్నాక చెప్పుకోవడం కష్టం. చిక్కుకోకుండా ఉండడం మేలు."

ఆ రాత్రి భార్యాభర్తలు మాట్లాడుకున్నారు. రెండు పొట్టేళ్ళు ఉన్నాయి. వాటిని అమ్మితే 24 వేలు వచ్చాయి. రత్నమ్మ దాచుకున్నది 6 వేలు ఉంది. మొత్తం 30 వేలు. ఖర్చు పోగా 4,500 మిగిలింది.

"దీంతో అప్పుకు వడ్డీ కడదాం" అన్నాడు ఓబులేసు.

"కాదు. ఇది తిరుగు ఖర్చు. నా బ్యాంకు ఖాతాలో వేస్తా. దేనికీ ముట్టుకోకూడదు. అక్కడ కుదరకపోతే, అత్తకు బాగలేకపోతే, ఆ రోజే బస్సెక్కాలి. ఎవరినీ అడగాల్సిన పని ఉండకూడదు" అంది రత్నమ్మ.

నరసమ్మ ఏమీ అనలేదు. కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

పిల్లల చదువు

రమేశు చిన్నవాడు. రెండో తరగతి అయ్యాక అక్కడ మూడులో చేర్చవచ్చు. కన్నడం త్వరగా వచ్చేస్తుంది. ఇంట్లో తెలుగు చదవడం, రాయడం తల్లి నేర్పుతుంది.

సుజాత సంగతి వేరు. ఎనిమిదో తరగతిలో అన్ని పాఠాలూ కొత్త భాషలో చదవడం కష్టం. ఎక్కడ ఉండాలో సుజాతనే అడిగారు.

"నేను అవ్వ దగ్గరే ఉంటా. ఇక్కడే చదువుకుంటా" అంది సుజాత.

వెళ్ళేది ఎప్పుడు? ఎల్లుండి కాదు. బడి సంవత్సరం ముగిశాక, మే నెలలో. అప్పుడైతే ఇద్దరి పరీక్షలూ అయిపోతాయి. రమేశును అక్కడ బడి తెరవగానే చేర్చవచ్చు.

రత్నమ్మ బడికి వెళ్ళి రమేశు టీసీ తీసుకుంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలు ఒక బడి నుంచి మరో బడికి మారవచ్చు. పక్క రాష్ట్రానికైనా మారవచ్చు. హెడ్‌మాస్టరు టీసీ వెంటనే ఇవ్వాలి. టీసీ ఆలస్యమైందని కొత్త బడిలో చేర్చుకోకుండా ఉండకూడదు.

మేస్త్రి ఇంకో మాట కూడా అని ఉన్నాడు. "సుజాతను కూడా తీసుకురండి. బస్తాలు కుడితే 200 వస్తాది" అన్నాడు. 14 ఏళ్ళ లోపు పిల్లలను మిల్లు పనిలో పెట్టడం నేరం. అట్లా జరుగుతుంటే 1098కు ఫోను చేసి చెప్పవచ్చు.

కార్డులు, కాగితాలు

రేషన్ కార్డు: 'ఒకే దేశం ఒకే రేషన్' పథకం 2022 నాటికి అన్ని రాష్ట్రాలకూ వచ్చింది. కేంద్ర ఆహార భద్రత చట్టం కిందికి వచ్చే కార్డు ఉంటే దేశంలో ఏ రేషన్ అంగడిలోనైనా ధాన్యం తీసుకోవచ్చు. వేలిముద్ర వేయాలి. మామూలు కార్డుకు మనిషికి నెలకు 5 కిలోలు. 2023 జనవరి నుంచి అది ఉచితం. ఊళ్ళో ఉన్నవాళ్ళు తమ వంతు ఊళ్ళోనే తీసుకోవచ్చు. రత్నమ్మ కార్డులో ఐదుగురు ఉన్నారు. ముగ్గురి 15 కిలోలు గంగావతిలో, ఇద్దరి 10 కిలోలు ఊళ్ళో తీసుకోవాలని అనుకున్నారు. కొన్ని కార్డులు రాష్ట్రం సొంత పథకం కింద ఉంటాయి. అవి బయటి రాష్ట్రంలో చెల్లవు. తమ కార్డు ఏ రకమో డీలరును ముందే అడగాలి. గంగావతిలో రేషన్ అంగడిని 'న్యాయబెలె అంగడి' అంటారు.

ఆధార్ కార్డు: ఊరు మారినా నంబరు మారదు. కార్డుకు ఫోను నంబరు కలిపి ఉండాలి. సందేహం ఉంటే 1947కు ఫోను చేయవచ్చు.

బ్యాంకు పుస్తకం: ఖాతా మార్చనక్కరలేదు. ఏ రాష్ట్రంలో ఉన్నా అదే ఖాతా పనిచేస్తుంది.

ఇ-శ్రమ్ కార్డు: కూలీల పేర్లు రాసుకునే ఈ పథకం 2021 ఆగస్టులో మొదలైంది. 16 నుంచి 59 ఏళ్ళ వాళ్ళు చేరవచ్చు. పేరు నమోదుకు రుసుము లేదు.

పింఛను: ఇది రాష్ట్రం ఇచ్చేది. నరసమ్మకు వితంతు పింఛను నెలకు 4,000 వస్తుంది. ఆమె ఊళ్ళోనే ఉంటుంది కాబట్టి ఆగదు.

ఆరోగ్యం: ఆయుష్మాన్ భారత్ కార్డు ఉంటే, ఆ పథకంలో చేరిన ఏ రాష్ట్రం ఆస్పత్రిలోనైనా పనిచేస్తుంది. రాష్ట్రం సొంత ఆరోగ్య కార్డు అన్ని చోట్లా పనిచేయదు. మామూలు జబ్బులకు తాలూకా ప్రభుత్వ ఆస్పత్రి ఉంది. పనిలో దెబ్బ తగిలితే యజమాని పరిహారం ఇవ్వాలి.

గ్యాసు: 5 కిలోల చిన్న సిలిండర్‌కు చిరునామా రుజువు అడగరు. గుర్తింపు కార్డు చాలు.

ఈ కాగితాలన్నింటికీ రత్నమ్మ జిరాక్సు తీయించింది. ఒక కట్ట తన దగ్గర పెట్టుకుంది. ఒక కట్ట అత్తకు ఇచ్చింది.

మే నెలలో

లారీ రాలేదు. వాళ్ళే బస్సు ఎక్కారు. పోయే ముందు రత్నమ్మ ఒక కాగితం రాసి గోడకు అంటించింది. గంగావతి ఇంటి చిరునామా, లక్ష్మి ఫోను, మిల్లు ఫోను, ఈశ్వరమ్మ ఫోను అందులో ఉన్నాయి. ఏమైనా అయితే ఎవరికి చెప్పాలో అవ్వకూ మనవరాలికీ తెలుసు.

లక్ష్మి వాళ్ళ వీధిలోనే ఒక గది దొరికింది. తలుపుకు గట్టి గొళ్ళెం ఉంది. వీధిలో కొళాయి ఉంది.

రత్నమ్మ గోడకు ఒక క్యాలెండరు తగిలించింది. పనికి పోయిన రోజు తేదీ చుట్టూ సున్నా చుట్టేది. పోని రోజు వదిలేసేది. నెల ముగిసింది. గుమాస్తా నెల లెక్క చూసి, "ఇద్దరూ 22 రోజులు పని చేసినారు. అన్ని రోజుల కూలీ ముట్టింది" అన్నాడు.

రత్నమ్మ క్యాలెండరు కాగితం తీసి చూపించింది. "24 రోజులన్నా. 9న, 16న రాత్రి లారీ వచ్చింది. ఆ రెండు రోజులు రాయలేదేమో చూడండి" అంది.

గుమాస్తా పుస్తకం తిరగేశాడు. ఆ రెండు రోజులు రాయలేదు. ఏమీ అనకుండా ఇంకో 2,000 లెక్కపెట్టి ఇచ్చాడు. బయటికి రాగానే ఓబులేసు అన్నాడు, "ఆ పొద్దు బెంగళూరులో నీకు చదువు వచ్చి ఉంటే..."

రత్నమ్మ తల ఊపింది. మాట్లాడలేదు.

జూన్ 12న పొద్దున ఫోను మోగింది. సుజాత.

"అమ్మా, ఈ పొద్దు బడి తెరిచినారు. ఎనిమిదో తరగతి గదిలో కూర్చుంటా. అవ్వ నన్ను గేటు దాకా వచ్చి దింపింది."

"సరే తల్లీ. బాగా చదువుకో. దసరాకు వస్తాం" అంది రత్నమ్మ.

దసరాకు రావడానికి డబ్బు బ్యాంకులో ఉంది. ఎవరినీ అడగనక్కరలేదు.

గుర్తుంచుకుందాం

• పోయే ముందు ఒకసారి చూసి రావాలి. భార్యాభర్తలు ఇద్దరూ వెళ్ళాలి.
• రోజు కూలి ఒక్కటే అడగకూడదు. ఏడాదిలో ఎన్ని రోజులు పని ఉంటుందో అడగాలి.
• అడ్వాన్సుకు కట్టుబడి పోకూడదు.
• పిల్లల బడి సంవత్సరం చూసుకొని బయలుదేరాలి.
• పని చేసిన రోజులు తామే రాసుకోవాలి.
• తిరుగు ఖర్చు ముందే పక్కన పెట్టుకోవాలి.

మాట్లాడుకుందాం

1. మీ ఊరి నుంచి పక్క రాష్ట్రాలకు పనికి పోయినవాళ్ళు ఎవరు? పోయే ముందు వాళ్ళు ఏమేమి అడిగి తెలుసుకున్నారు?
2. రత్నమ్మ మేస్త్రి అడ్వాన్సు ఎందుకు తీసుకోలేదు? మీరైతే ఏం చేస్తారు?
3. సుజాతను ఊళ్ళో ఉంచడం మంచిదా, వెంట తీసుకుపోవడం మంచిదా? ఎందుకు?

రాద్దాం

1. మీరు ఊరు మారాల్సి వస్తే అడగాల్సిన ఐదు ప్రశ్నలు రాయండి.
2. ఒకరికి రోజు కూలి 450 రూపాయలు. నెలకు 18 రోజులు పని. నెలకు ఎంత వస్తుంది? 7,000 ఖర్చు పోతే ఎంత మిగులుతుంది?
3. మీ ఇంటి చిరునామా, ముఖ్యమైన మూడు ఫోను నంబర్లు ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి.